ఆ వాగు పేరు నివేదికలో లేదు

2025 సెప్టెంబరు 8న కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల మంత్రిత్వశాఖ ఒక ఆఫీసు మెమోరాండం జారీచేసింది. అణు ఖనిజాలు, కీలక ఖనిజాలు, వ్యూహాత్మక ఖనిజాల తవ్వకాలకు ఇకమీదట ప్రజాభిప్రాయ సేకరణ అక్కరలేదనీ, లీజు విస్తీర్ణం ఎంత చిన్నదైనా ఆ ప్రాజెక్టులన్నిటినీ కేంద్ర స్థాయిలోనే పరిశీలిస్తామనీ దాని సారాంశం. రక్షణశాఖ, అణుశక్తి విభాగం కోరిన మీదట ఈ నిర్ణయం తీసుకున్నట్టు అందులోనే ఉంది. ఆ కాగితాన్ని అచ్చు తీసుకుని రెండుసార్లు చదివాను. పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక ఉంటుంది, నిపుణుల కమిటీ ఉంటుంది, షరతులుంటాయి. లేనిదల్లా ఊరివాళ్ళు మైకు పట్టుకుని మాట్లాడే ఆ ఒక్క పూట.

నేను విజయవాడలో అనువాదాలు చేసుకుంటూ బతుకుతున్నదాన్ని. కోర్టు కాగితాలు, బ్యాంకు పత్రాలు, బీమా ఒప్పందాలతోపాటు మధ్యమధ్య గనులకూ ఫ్యాక్టరీలకూ సంబంధించిన పర్యావరణ నివేదికల సారాంశాలు కూడా నా దగ్గరికి వస్తుంటాయి. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు ముందు నివేదిక సారాంశం స్థానిక భాషలో కూడా అందుబాటులో ఉండాలి. ఆ నిబంధన వల్లే నాకు ఈ పని దొరుకుతోంది. ఆ పూట ఎత్తేస్తే నా పని కొంత పోతుంది కాబట్టి ఈ విషయం ముందే చెప్పడం న్యాయం. అయితే యురేనియం గనుల సారాంశం ఇంతవరకూ నా చేతికి రాలేదు, వస్తుందని ఆశపడిందీ లేదు. నా అభిప్రాయం ఆదాయం నుంచి పుట్టినది కాదు, ఒకసారి కళ్ళారా చూసినదాని నుంచి పుట్టినది.

ఏ గనికి మినహాయింపు ఇచ్చినా యురేనియం గనికి మాత్రం ఇవ్వకూడదని నేను అనుకుంటున్నాను. ఊళ్ళో జనం గనిని ఆపేస్తారనే ఆశతో ఈ మాట అనడం లేదు. కంపెనీ రాయించిన నివేదికను, దాన్ని సరిదిద్దగలిగినవాళ్ళ ముందు చదివి వినిపించే సందర్భం మన పద్ధతి మొత్తంలో అదొక్కటే ఉంది కాబట్టి అంటున్నాను.

పల్నాడులో ఒక పూట

కొన్నేళ్ళ కిందట పల్నాడులో ఒక సున్నపురాయి గని కోసం సారాంశాన్ని తెలుగు చేశాను. కంపెనీ పేరు, ఊరి పేరు ఇక్కడ రాయను. సమావేశంలో చెప్పినవన్నీ నమోదుచేసిన మినిట్సును చివరలో అక్కడే తెలుగులో చదివి వినిపించాలి. దాన్ని సరిచూడటానికి రమ్మంటే వెళ్ళాను. స్కూలు ఆవరణలో షామియానా, అద్దెకు తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు, వీడియో తీసే కుర్రాడు, ఒక మూల మజ్జిగ ప్యాకెట్ల డ్రమ్ము ఉన్నాయి. వేదిక మీద జాయింట్ కలెక్టరు, కాలుష్య నియంత్రణ మండలి ఇంజినీరు, నివేదిక రాసిన కన్సల్టెంటు కూర్చున్నారు. మొదటి గంటంతా ఉద్యోగాల మాటే నడిచింది. స్థానికులకు ఎన్ని ఇస్తారు, లారీలు ఎవరివి పెడతారు, గుడికి ఏమిస్తారు అని అడిగారు. నాకు విసుగు పుట్టిన మాట నిజం.

అప్పుడు వెనక వరసలోంచి అరవై దాటిన ఒకావిడ లేచింది. మైకు తీసుకోకుండానే అడిగింది. "అయ్యా, ఈళ్ళ కాగితంలో మా పొలాలకాడ శాశ్వత జలవనరులు లేవని రాశారంట. శాశ్వతం అంటే ఏంది? మా కుంకుళ్ళ వాగు నాలుగు నెలలు పారుద్ది. ఆ నాలుగు నెలల నీళ్ళే మా చెరువులో ఏడాదంతా ఉంటయ్."

కన్సల్టెంటు మర్యాదగానే జవాబిచ్చాడు. ఏడాది పొడవునా పారేదాన్నే ఆ మాటతో సూచిస్తామనీ, వర్షాకాలపు పాయలను విడిగా లెక్కించలేదనీ చెప్పాడు. జాయింట్ కలెక్టరు మ్యాపు తెమ్మన్నారు. మ్యాపులో ఒక సన్నని నీలిగీత లీజు హద్దు దాకా వచ్చి, హద్దు లోపల కనబడకుండా పోయింది. ఆయన ఆ చోట వేలు పెట్టి, ఇక్కడి నుంచి ఇది ఎటు పోతుందని అడిగారు. కన్సల్టెంటు దగ్గర జవాబు లేదు. ఆవిడ దగ్గర ఉంది. ఏ దిబ్బ పక్కనుంచి మలుపు తిరుగుతుందో, ఎక్కడ కల్వర్టు కింద దూరుతుందో, ఏ ఏడు పొంగి ఎవరి గొర్రెలు కొట్టుకుపోయాయో చెప్పింది. సాయంత్రం మినిట్సు చదువుతుంటే "ఒక వాగు ఉన్నదని గ్రామస్థురాలు తెలిపారు" అన్న వాక్యం దగ్గర మళ్ళీ లేచింది. "పేరు రాయండయ్యా. పేరు లేకపోతే రేపు ఏ వాగో అంటారు." ఆ పేరు నేనే నా చేత్తో చేర్చాను. దాని కింద జాయింట్ కలెక్టరు సంతకం పడింది.

ఆ గనికి అనుమతి వచ్చింది. కాని అనుమతి పత్రంలోని షరతుల్లో, కుంకుళ్ళ వాగుకు ఇరువైపులా కొంత మేర తవ్వకూడదనీ, గని మట్టి అందులో పడకుండా కాలువ తీయాలనీ ఉంది. వాగు పేరు ఉంది.

"శాశ్వత జలవనరులు" అన్న మాట వేసింది నేనే. మూలంలో ఉన్నదానికి అది సరైన అనువాదమే. ఆ వాక్యం చదివి ఊరివాళ్ళు ఏమి అర్థం చేసుకుంటారోనన్న ఆలోచన నాకు రాలేదు, ఏమి తప్పిపోయిందో అడగాలని అంతకన్నా తోచలేదు. నివేదిక రాసినవాళ్ళు అబద్ధమూ ఆడలేదు. అబద్ధం లేని నివేదికలో వాగు లేకుండా పోవడం ఎంత తేలికో ఆ రోజు చూశాను.

యురేనియం దగ్గర లెక్క మారుతుంది

సున్నపురాయి గనిలో తప్పు జరిగితే గొయ్యి మిగులుతుంది, దుమ్ము మిగులుతుంది, కొన్నాళ్ళకు గొయ్యిలో నీళ్ళు చేరతాయి. యురేనియం సంగతి వేరు. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం కార్పొరేషన్ తవ్వుతున్న ఖనిజంలో యురేనియం పాలు దాదాపు 0.04 శాతం మాత్రమే. టన్ను రాయి పైకి తెస్తే దొరికేది అర కిలో కూడా ఉండదు. మిగిలిన రాయంతా పిండి అయి, రసాయనాలతో కలిసిన బురదగా టెయిలింగ్ పాండ్ అనే నిల్వ చెరువుకు చేరుతుంది. ఆ రాయి సున్నపు జాతిది కాబట్టి ఆమ్లం వాడితే ఆమ్లమంతా రాయే తాగేస్తుంది. అందుకని అక్కడ సోడియం కార్బొనేటు, బైకార్బొనేటులతో క్షార పద్ధతిలో తీస్తారు. యురేనియం తీసుకున్నాక కూడా ఖనిజంలోని రేడియోధార్మికతలో 85 శాతం దాకా ఆ బురదలోనే ఉండిపోతుంది, ఎందుకంటే థోరియం, రేడియం దానితోనే పోతాయి. రేడియం సగానికి తగ్గడానికి 1600 సంవత్సరాలు పడుతుంది. మా ఊరి నుంచి బ్యారేజీ దాటితే కనిపించే ఉండవల్లి గుహల వయసు ఇంచుమించు అంత. లీజు మాత్రం కొన్ని దశాబ్దాలకు రాస్తారు.

తుమ్మలపల్లె కర్మాగారం 2012లో మొదలైంది. తరవాతి సంవత్సరాల్లో కె.కె.కొట్టాల, మబ్బుచింతలపల్లె, కనంపల్లె రైతులు బోరు నీళ్ళు పాడయ్యాయనీ, అరటి తోటలు దెబ్బతిన్నాయనీ, ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయనీ చెబుతూ వచ్చారు. టెయిలింగ్ పాండ్ అడుగున నీరు ఇంకకుండా పరచవలసిన పొర నిబంధనల ప్రకారం ఉందా లేదా అన్నది పెద్ద వివాదమయింది. కాలుష్య నియంత్రణ మండలి నోటీసు ఇచ్చింది. తాము నియమాల ప్రకారమే కట్టామనీ, నీటిలోని మార్పులకు అక్కడి భూగర్భ స్వభావమే కారణమనీ కంపెనీ వాదించింది. ఆ వివాదంలో తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. నన్ను ఆపి ఆలోచింపజేసింది ఇంకొకటి. ఆ ప్రాజెక్టుకు ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. జరిగినా ఇంత జరిగితే, దాని వల్ల ఏమి ఒరిగినట్టు?

ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. ఇప్పటికి నాకు తట్టిన జవాబు ఇది. ఊరిముందు చెప్పిన మాటా, అనుమతి పత్రంలో రాసిన షరతూ ఉన్నాయి కాబట్టే, పదేళ్ళ తరవాత ఒక రైతు "అడుగున పొర వేస్తామన్నారు కదా, చూపించండి" అని అడగగలిగాడు. నోటీసు ఇవ్వడానికి మండలికీ ఆధారం దొరికింది. అప్పటి సమావేశం నీళ్ళను కాపాడలేకపోయి ఉండవచ్చు, నిలదీయడానికి మాత్రం ఒక కాగితాన్ని మిగిల్చింది. రేపు తవ్వే గనికి ఆ కాగితం కూడా ఉండదు.

ఇంకో చిన్న సంగతి ఉంది. తాగునీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన అణుశక్తి నియంత్రణ మండలి పరిమితి 60. ఒక రైతు బోరులో 45 ఉంటే ఆ నీళ్ళు బిడ్డకు పట్టవచ్చా, పట్టకూడదా? గని రాకముందు అదే బోరులో ఎంత ఉండేది? ఈ రెండో ప్రశ్న గని తెరవకముందే వేయాలి. అప్పుడు వేయకపోతే, తరవాత ఎవరు ఏమి కొలిచినా "అది ముందునుంచీ ఉన్నదే" అన్న మాట దగ్గర ఆగిపోతుంది. ఏ బోరు నీళ్ళు తియ్యన, ఏది ఉప్పన, ఏది ఏ ఏడు ఎండిందో తెలిసినవాళ్ళు ఊళ్ళోనే ఉంటారు. నివేదిక కోసం నమూనాలు ఏ ఏ బోర్ల నుంచి తీశారో వాళ్ళకు తెలిసే దారి ప్రజాభిప్రాయ సేకరణే.

దసరాకు వచ్చిన మా అబ్బాయి వాదన

మా అక్క కొడుకు విద్యుత్ రంగంలో పనిచేస్తాడు. దసరాకు వచ్చినప్పుడు ఈ సంగతి ఎత్తితే ఓపికగా విన్నాడు, కాని ఒప్పుకోలేదు.

"పిన్నీ, 2047 నాటికి వంద గిగావాట్ల అణువిద్యుత్తు అని మొన్నటి బడ్జెట్లో చెప్పారు. ఇప్పుడు మన దగ్గర తొమ్మిది కూడా లేవు. ఇంధనం ఎక్కణ్ణుంచి తెస్తారు? బయటి నుంచి కొన్న యురేనియం అంతర్జాతీయ తనిఖీలుండే రియాక్టర్లలోనే వాడాలి. మిగతావాటికి మన నేలలోదే గతి. ఇక బొగ్గంటావా, మన మేడ మీద ఆరేసిన బట్టలు దులిపి చూడు."

ఇందులో కొట్టిపారేయదగ్గ మాట ఒక్కటీ లేదు. బొగ్గు మండించే కరెంటుతో ఫ్యాను వేసుకుని, కడపలోనో కర్నూలులోనో గని వద్దని చెప్పే హక్కు నాకు ఎంత ఉందో నాకూ అనుమానమే. అణువిద్యుత్తుకు నేను విరోధిని కాను. వాడు అంతటితో ఆగకుండా ఇంకోటి అన్నాడు. "నువ్వు చెప్పే ఆ సమావేశం ఉత్త తతంగం పిన్నీ. సగం మంది కంపెనీ బస్సుల్లో వస్తారు, మిగతా సగం వ్యతిరేకించే పార్టీ ఆటోల్లో వస్తారు. ఎన్ని ప్రాజెక్టులు ఆగాయో చెప్పు."

ఆగినవి తక్కువే. ఒడిశాలోని నియంగిరిలో 2013లో పన్నెండు గ్రామసభలు బాక్సైట్ తవ్వకాన్ని తిరస్కరించాయి; కాని అది అటవీ హక్కుల చట్టం కింద సుప్రీంకోర్టు ఆదేశంతో జరిగినది. ప్రజాభిప్రాయ సేకరణలో ఓటు లేదు, ఊరికి కాదనే అధికారం లేదు, ఇంతమంది హాజరు కావాలన్న కోరం కూడా లేదు. చెప్పినవి రాసుకోవాలి, కంపెనీ వాటికి జవాబివ్వాలి, ఆ రెండూ నిపుణుల కమిటీకి చేరాలి, అంతే. మొత్తం నలభై అయిదు రోజుల్లో ముగియవలసిన పని. ఇంత బలహీనమైన ఏర్పాటును కూడా భరించలేనంత తొందర దేనికన్నదే నేను వాణ్ణి అడిగింది.

అడగకుండా పోయిన చోట ఏమయింది

తొందర తీరుతుందన్న నమ్మకమూ నాకు లేదు. యురేనియం అన్వేషణకు ప్రజాభిప్రాయ సేకరణ అవసరం ఇంతకుముందు కూడా లేదు. 2019 మే నెలలో నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. నాలుగు వేల బోర్లు వేస్తారన్న వార్త పెంటలనే చెంచు గూడేలకు చేరింది. సెప్టెంబరు వచ్చేసరికి నటులు, క్రీడాకారులు, విద్యార్థులు అందరూ నల్లమల గురించే మాట్లాడుతున్నారు. ఆ నెలలోనే తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్మానం చేసింది. 2024 నవంబరులో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ళ అడవిలో 68 బోర్లు వేయబోతున్నారని తెలిసి చుట్టుపక్కల ఊళ్ళు రోడ్డెక్కాయి. చివరికి తవ్వకాలు ఉండవని ప్రభుత్వం చెప్పవలసి వచ్చింది.

ఈ రెండుచోట్లా భయంలో కొంత అతిశయం కలిసిందని ఒప్పుకుంటాను. బోరు వేయడానికీ గని తవ్వడానికీ చాలా తేడా ఉంది. బోరు పడినంత మాత్రాన పంట విషమైపోదు. ఈ మాట ఊళ్ళో చెప్పేవాళ్ళు ఎవరున్నారు? అధికారి రాలేదు, శాస్త్రవేత్త రాలేదు, తెలుగులో ఒక కాగితం రాలేదు. వచ్చినవల్లా ఫోనులో వీడియోలు. ప్రభుత్వం నోరు విప్పని చోట వీడియోలే నివేదికలయ్యాయి. రేపు గనులకూ ఇదే పద్ధతి పెడితే, షామియానా కింద ఒక్క రోజులో తీరవలసిన మాట రోడ్డు మీద నెలల తరబడి సాగుతుంది, దానికి మినిట్సు రాసేవాడు ఉండడు, పోలీసు కేసులు మాత్రం ఉంటాయి.

గుంటూరు, విజయవాడ వాళ్ళం ఇదంతా మనకు దూరపు సంగతి అనుకుంటాం. లంబాపురం, పెద్దగట్టు పేర్లు గుర్తున్నవాళ్ళు మనలో ఎందరు? నల్గొండ జిల్లాలో నాగార్జునసాగర్ జలాశయం ఒడ్డున యురేనియం గనులు ప్రతిపాదించి, 2003లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపారు. జలాశయానికి అంత దగ్గర ఏమిటన్న అభ్యంతరం గట్టిగా వినపడింది. శుద్ధి కర్మాగారాన్ని అక్కణ్ణుంచి దూరంగా శేరిపల్లికి మార్చాలనే ఆలోచన కూడా వచ్చింది. ఆ గనులు ఇప్పటిదాకా తెరవలేదు. సాగర్ కుడికాలువ గుంటూరు, పల్నాడు పొలాలకు వస్తుంది, నది ప్రకాశం బ్యారేజీకి వస్తుంది, మా ఇంటి కొళాయికి వస్తుంది. నివేదికల్లో అధ్యయన ప్రాంతం గని చుట్టూ పది కిలోమీటర్లు మాత్రమే కాబట్టి ఆ రోజు మన తరఫున కూడా అడిగింది ఆ గట్టు మీది తండాలవాళ్ళు, పల్లెలవాళ్ళే. వాళ్ళు అడగడం వల్ల నాకు జరిగిన మేలు ఎంతో లెక్కకట్టలేను, కాని రుణపడ్డానన్న సంగతి తెలుసు.

గోప్యత దేనికి, దేనికి కాదు

మిగిలిన ఖనిజాలను 2015 నుంచి వేలం వేస్తున్నారు. ఎవరు పాడారు, ఎంతకు పాడారు అన్నది కొంతైనా బయటికి వస్తుంది. యురేనియం మీద లీజు రాసేది రాష్ట్రమే అయినా కేంద్రం ముందు ఒప్పుకోనిదే కుదరదు, తవ్వేది కేంద్ర సంస్థ, వివరాలు బయటపెట్టకుండా ఆపే అధికారాన్ని 1962 నాటి అణుశక్తి చట్టమే ఇచ్చింది. ఇన్ని తలుపులు ముందే మూసి ఉన్న ఇంట్లో తెరిచి ఉన్న కిటికీ ప్రజాభిప్రాయ సేకరణ. నిల్వలు ఎంత, ఇంధనం ఏ రియాక్టరుకు పోతుంది అన్నవి దాచుకోవలసినవే అయితే దాచుకోనివ్వండి. టెయిలింగ్ పాండ్ అడుగున ఏమి పరుస్తారు, వాన నీరు ఎటు పోతుంది, ఏ బోర్లలో నీళ్ళు కొలిచారు, మూతపడ్డాక ఎవరు కాపలా ఉంటారు అన్నవాటిలో దేశరక్షణ రహస్యం ఏమున్నదో నాకు అర్థం కావడం లేదు. అవి మొదటి నుంచీ ఊరివాళ్ళ సంగతులు. పైగా ఈ మెమోరాండం యురేనియంతో ఆగడం లేదు. సముద్రపు ఇసుకలో దొరికే మోనజైటు, ఇల్మనైటు వంటివి కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి కాబట్టి, తీరం వెంట వలలు ఆరేసుకునేవాళ్ళను కూడా ఇకమీదట అడగనక్కరలేదు.

సమావేశం ఉన్నంత మాత్రాన చాలదనీ తెలుసు. గని తెరిచాక అయిదేళ్ళకోసారైనా అదే షామియానా మళ్ళీ వేసి, అప్పటి వాగ్దానాలు, ఇప్పటి కొలతలు పక్కపక్కన పెట్టి తెలుగులో చదవాలని నా కోరిక. ఈ మాటలే తెలుగులో రాసి మంత్రిత్వశాఖకు రిజిస్టరు పోస్టులో పంపాను. ఇంగ్లీషులో రాయడం నాకు రాక కాదు. అక్కడ దీన్ని చదవడానికి ఎవరో ఒకరు అనువాదకుణ్ణి పిలవాలి, ఆ ఒక్క శ్రమైనా వాళ్ళు పడాలనిపించింది.

ఇప్పుడు ఏ గని సారాంశం వచ్చినా "శాశ్వత జలవనరులు లేవు" అన్న వాక్యం దగ్గర ఆగి, నివేదిక రాసినవాళ్ళకు ఫోను చేస్తున్నాను. ఏడాదిలో కొన్ని నెలలైనా పారేవి ఏమున్నాయి, వాటిని అక్కడ ఏమని పిలుస్తారు అని అడుగుతున్నాను. పోయిన నెల ఒక సున్నపురాయి గని గురించి ఇలాగే అడిగితే, అవతలి కుర్రాడు కాసేపు కాగితాలు తిరగేసి చెప్పాడు. "మా దగ్గర లేదు మేడమ్. అది ఆ ఊరివాళ్ళనే అడగాలి."